ఇంటి గోడ మీద బరోక్ పురాణ చిత్రం: వెలుగును చూసి చోటు ఎంచుకోవడం

బరోక్ కాలపు చిత్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలనుకునేవారు మొదట బొమ్మను ఎంచుకుంటారు, తరువాత పటం కట్టిస్తారు, అన్నీ అయ్యాక మేకు ఎక్కడ కొట్టాలా అని గోడలు చూస్తారు. ఈ వరసను తిరగవేయమన్నది నా మొదటి సలహా. ఇంచుమించు 1600 నుంచి 1750 దాకా ఐరోపాలో సాగిన ఈ చిత్రకళలో కథను నడిపేది వెలుగు. చీకటి నిండిన పటంలో ఒక భుజం మీదో, ఒక చెంప మీదో, ఎగసిన వస్త్రపు అంచు మీదో పడిన వెలుగే ఎవరిని చూడాలో, కథలో ఏ క్షణం ముఖ్యమో మనకు చెబుతుంది. ఇంటి వెలుగు దానికి అడ్డం వచ్చిందంటే ఎంత గొప్ప చిత్రమైనా గోడకు వేలాడే నల్లటి పలకగా మిగిలిపోతుంది. కాబట్టి ముందు గోడను, ఆ గోడ మీదికి రోజంతా వచ్చే వెలుగును గమనించి, ఆ తరువాతే చిత్రం సంగతికి రావాలి.

ఈ మాట నేను నష్టపోయి తెలుసుకున్నాను. విజయవాడలో మా హాలుకు తూర్పున బాల్కనీ ఉంది. దానికి ఎదురుగా ఉన్న పెద్ద గోడ ఖాళీగా కనిపించడంతో, ఎంతో ఇష్టపడి అచ్చు వేయించుకున్న చిత్రాన్ని అద్దం బిగించి అక్కడే తగిలించాను. మరునాడు పొద్దున చూస్తే ముదురు మేఘాలు ఉండవలసిన చోట బాల్కనీ గ్రిల్లు, తీగ మీద ఆరేసిన తువ్వాళ్లు స్పష్టంగా కనిపించాయి. లేత రంగుల బొమ్మకు అద్దం వేసినా కొంత వరకు ఫరవాలేదు గాని, ముదురు బొమ్మ ముందు నిలిచిన అద్దం ఎదురుగా ఉన్నదాన్నంతా పట్టి చూపిస్తుంది. ఆ పటం విప్పి, అద్దం తీసి, మళ్లీ కట్టించి, వేరే గోడకు మార్చేసరికి మొదటి ఖర్చుకు మరో అంత అయింది.

గోడను ఎంచడం

ఒక సెలవు రోజున హాలులో కూర్చుని ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి, దీపాలు వేశాక మరొకసారి ప్రతి గోడనూ చూడండి. ఎండ నేరుగా పడే గోడను వెంటనే వదిలేయండి. ఎంత మంచి సిరాతో వేసిన అచ్చయినా నేరుటెండకు వెలిసిపోక తప్పదు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ సంగతి ఇప్పటికే చెప్పాను. కిటికీ ఉన్న గోడ కూడా పనికిరాదు, ఎందుకంటే కిటికీ వెలుగుకు అలవాటుపడిన కళ్లు పక్కనే ఉన్న చీకటి బొమ్మలో ఏమీ పోల్చుకోలేవు. ఇక మిగిలేవి కిటికీకి అటూ ఇటూ ఉండే పక్కగోడలు. వాటి మీద వెలుగు ఏటవాలుగా జారుతుంది. ఆనాటి చిత్రకారులు తమ పనిగదిలో ఒక పక్క కిటికీ నుంచి తెచ్చుకున్న వెలుగు కూడా దాదాపు అటువంటిదే.

ఆ రెండు పక్కగోడల్లో ఏదన్నది చిత్రమే చెబుతుంది. బొమ్మలోని మనుషుల ముక్కు నీడ ఎటు పడిందో, బట్ట మడతల్లో ఏ అంచు మెరిసిందో చూస్తే చిత్రకారుడు వెలుగును ఎటునుంచి రప్పించాడో తెలిసిపోతుంది. నీడలు కుడికి పడి ఉంటే, బొమ్మకు ఎదురుగా మనం నిలబడినప్పుడు మన ఎడమచేతి పక్కన కిటికీ ఉండే గోడ దానికి తగినది. స్పెయిన్ చిత్రకారుడు డియెగో వెలాస్కెజ్ 1630లో వేసిన ‘వల్కన్ కొలిమి’లో (వల్కన్ రోమన్ల కమ్మరి దేవుడు) సూర్యదేవుడైన అపోలో తల చుట్టూ కిరణాలతో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కొలిమిలోని పనివాళ్లందరూ పని ఆపి అతని వైపే చూస్తుంటారు. ఆ చిత్రాన్ని ఎడమ పక్క కిటికీ ఉన్న గోడకు తగిలిస్తే పొద్దుటి వెలుగు కూడా అపోలోతో పాటే గదిలోకి వచ్చినట్టుంటుంది. గదిలోని వెలుగు, బొమ్మలోని వెలుగు ఒకే దిక్కు నుంచి వస్తే చిత్రానికి లోతు వస్తుంది. ఎదురెదురుగా వస్తే, ఎందుకో చెప్పలేకపోయినా, కంటికి ఏదో కుదరని భావం మిగులుతుంది.

వెలుగు తరువాత చూడవలసింది చెమ్మ. విజయవాడలో ఒక పక్క కృష్ణ, ఊరి మధ్య బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఉన్నాయి. జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో తేమ తగ్గదు. గుంటూరులో కాలువల చెమ్మ ఇంత లేకపోయినా, స్నానాలగదిని ఆనుకున్న గోడలు అక్కడా ఇక్కడా ఒకటే. అనుమానమున్న గోడకు అడుగు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు పట్టాయంటే ఆ గోడ చెమ్మ ఊరుతున్నట్టే. దానికి ఏ పటమూ తగిలించకండి. పడమటి బయటిగోడకు వేరే చిక్కు ఉంది. మే నెలలో సాయంత్రానికి ఆ గోడ లోపలి వైపు చేయి పెడితే చురుక్కుమంటుంది, ఆ వేడికి కాన్వాసు సాగి వదులవుతుంది.

వంటిల్లు హాలులోకి తెరిచి ఉండే ఇళ్లలో పోపు పొగను లెక్కలోకి తీసుకోవాలి. మిరపకాయలు, ఆవాలు చిటపటలాడినప్పుడు లేచే నూనె ఆవిరి ఏడాది తిరిగేసరికి బొమ్మ మీద జిడ్డు పొరగా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. పూజ మూల నుంచి వచ్చే సాంబ్రాణి, హారతి కర్పూరం మసి కూడా అంతే. ఈ రెండింటికీ కనీసం ఏడెనిమిది అడుగుల ఎడం పాటించడం మేలు. కింది అంతస్తులో ఉండేవారికి మరొక మాట: 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉండిపోయిన సంగతి మనం మరచిపోలేదు. పటాన్ని స్క్రూలతో గోడకు బిగించేయకుండా, ఒక మనిషి రెండు చేతులతో ఎత్తి దించగలిగేలా కొక్కేలకు తగిలించండి.

ఏ చిత్రం?

పురాణ చిత్రం గోడ మీద ఉండడం తెలుగు ఇంటికి కొత్త కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక ఆయన తైలవర్ణ దేవతలు ఊరూరా గోడలెక్కారు. ఐరోపా పద్ధతి వెలుగునీడలు ఆ పటాల ద్వారానే మన తాతల కళ్లకు అలవాటయ్యాయి. కాబట్టి గ్రీకు, రోమన్ కథలు తెలియకపోయినా ఆ చిత్రభాష మనకు పూర్తిగా పరాయిది కాదు. తెలియనిది కథ ఒక్కటే, దాన్ని తెలుసుకుని ఇంట్లో వాళ్లకు చెప్పగలిగినప్పుడే చిత్రం ఆ ఇంటిదవుతుంది.

నేను ఎవరికైనా మొదట సూచించేది ఫ్రాన్సులో పుట్టి రోమ్‌లో స్థిరపడిన నికొలా పూసాఁ 1658లో వేసిన ‘సూర్యోదయాన్ని వెతుక్కుంటున్న గుడ్డి ఒరాయన్’. అసలు చిత్రం న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కియోస్ ద్వీపపు రాజు ఆగ్రహానికి గురై కళ్లు పోగొట్టుకున్న మహాకాయుడైన వేటగాడు ఒరాయన్, తూర్పుకు నడిచి ఉదయించే సూర్యుడి కిరణాలను కళ్లలో పడనిస్తే చూపు తిరిగి వస్తుందని విని బయలుదేరుతాడు. దారి చూపడానికి సెడాలియన్ అనేవాడు అతని భుజాల మీద నిలబడి ఉంటాడు. పైన మబ్బుల మీద వేటదేవత డయానా మౌనంగా చూస్తూ ఉంటుంది. మన మృగశిర నక్షత్రం ఉన్న తారల గుంపుకే పాశ్చాత్యులు ఈ వేటగాడి పేరు పెట్టుకున్నారు. చిత్రంలో ఎక్కువ భాగం చెట్లు, కొండలు, వాన మబ్బులు కావడం వల్ల చీకటి మరీ ముంచెత్తదు, పసిపిల్లలు భయపడేదేమీ ఉండదు, ఎవరికీ ఇబ్బంది కలిగించే దేహప్రదర్శన కూడా లేదు.

మా ఇంట్లో ఈ పటం ఎక్కిన రోజున మా అత్తయ్యగారు చాలాసేపు దాని ముందు నిలబడి, ‘ఎవరమ్మా, మనిషిని భుజాలకెత్తుకుని పోతున్నాడు?’ అని అడిగారు. కథంతా విన్నాక, ‘సూర్యుడి దగ్గరికేగా పోతున్నాడు, చూపెందుకు రాదు?’ అన్నారు. ‘ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్’ అని చదువుకున్న ఇంట్లో ఆ చిత్రానికి అంతకంటే మంచి ప్రవేశం నేను ఊహించలేను. వీలుంటే ఒరాయన్ నడిచే వైపున తూర్పు కిటికీ ఉండేలా గోడ చూసుకోండి; మా ఇంట్లో రెండోసారి సరిగ్గా అలాగే కుదిరింది.

మంగళగిరిలో మగ్గం ఉన్న మా పిన్నిగారింటికి మాత్రం వెలాస్కెజ్ 1655, 1660 మధ్య వేసిన ‘నూలు వడికే స్త్రీలు’ ఎంచాను. చూడగానే అది ఐదుగురు ఆడవాళ్లు పని చేసుకుంటున్న నేతశాల. ఎడమ పక్క ముసలామె రాట్నం తిప్పుతోంది. చక్రపు పుల్లలు ఒక్కటి కూడా గీయకుండా, తిరుగుతున్న చక్రం మధ్యలో వట్టి వెలుగు మెరుపును మాత్రమే వేశాడు. పురాణకథ వెనక ఉంది: లోపలి మండువాలాంటి చోట, ఎండ పడుతున్న తెర ముందు, మినర్వా దేవతతో నేతలో పోటీపడిన అరాక్నె నిలబడి ఉంటుంది. దేవత కోపానికి ఆ నేతగత్తె సాలెపురుగుగా మారిపోతుంది. తెలుగులో నేతవారినీ ఆ పురుగునూ ఒకే మాటతో పిలుస్తాం కదా, పిన్నిగారింట్లో ఆ కథను ఎవరూ విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు.

ఈ చిత్రం నకళ్లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. వెలాస్కెజ్ చనిపోయాక ఎవరో అసలు చిత్రానికి పైన, పక్కలా అదనపు ముక్కలు చేర్చారు. పైన కనిపించే కమాను, గుండ్రటి కిటికీ ఆ చేర్పులోవే. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం ఇప్పుడు ఆ చేర్పులను కప్పేసి, వెలాస్కెజ్ వేసినంత మేరకే కనిపించేలా ప్రదర్శిస్తోంది. మీరు కూడా కమాను లేని రూపాన్నే ఎంచుకోండి. అప్పుడు స్త్రీలు మనకు దగ్గరగా వస్తారు, వెనకటి వెలుగు గది బొమ్మకు గుండెకాయలా నిలుస్తుంది. చిన్న గోడకు ఆ తేడా చాలా పెద్దది.

పొడవాటి, తక్కువ ఎత్తు గోడ ఉన్నవారికి గీదో రేని 1614లో రోమ్‌లో ఒక భవనపు పైకప్పు మీద వేసిన ‘ఉషోదయం’ సరిపోతుంది. ముందు ఉషాదేవి, వెనక అపోలో రథం, చుట్టూ చేయీచేయీ పట్టుకున్న కాలకన్యలు. అరుణుడు తోలే ఏడు గుర్రాల రథం తెలిసిన ఏ పిల్లవాడైనా దాన్ని చూసి గుర్తుపడతాడు.

కొన్నింటిని ఇంటికి తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కారవాజ్జో వేసిన, పాముల జుట్టున్న రాక్షసి మెడూసా తెగిన తల, రూబెన్స్ వేసిన, కొడుకును తినే రోమన్ దేవుడు సాటర్న్ గొప్ప చిత్రాలు, కాని అవి మ్యూజియంలో నిలబడి చూసి రావలసినవి; అన్నం తినే చోట, పిల్లలు నిద్రపోయే చోట రోజూ ఎదురుపడవలసినవి కావు. నగ్నదేహాలున్న చిత్రాల విషయంలో ఇంట్లోని అందరినీ ముందే అడగండి. అమరావతి శిల్పాలు చూసిన మనకు దేహసౌందర్యం కొత్తకాదు, అయినా రెండు పడకగదుల ఇంట్లో వచ్చిపోయే చుట్టాల మధ్య ఎవరికి ఇబ్బంది కలిగినా ఆ చిత్రానికి గౌరవం దక్కదు. ఒప్పుకోలేదంటే వేరే చిత్రం చూసుకోండి గాని, బొమ్మను సగానికి కోయించడం, అచ్చు వేసేవారితో బట్టలు గీయించడం మాత్రం చేయకండి.

అచ్చు, కొలత

ఈ చిత్రాల కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం 2013 నుంచి తమ వద్ద ఉన్న పాత చిత్రాల పెద్ద ఫొటోలను ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకునేలా తెరిచి ఉంచాయి. ఫొటో అడ్డం ఎన్ని పిక్సెళ్లుందో చూసి, దాన్ని మీరు వేయించదలచిన అంగుళాలతో భాగించండి. ఫలితం 150 దాటితే దగ్గర నుంచి చూసినా బాగుంటుంది. ఆరడుగుల దూరం నుంచి చూసే పటానికి 100 చాలు. అంతకంటే తక్కువైతే కొలత తగ్గించండి. 36 అంగుళాల వెడల్పుకు 150 చొప్పున కావాలంటే 5,400 పిక్సెళ్లు ఉండాలన్నమాట.

కొలత నిర్ణయించేటప్పుడు దుకాణంలో సిద్ధంగా ఉండే సైజులకు బొమ్మను కత్తిరించనీయకండి. ఒరాయన్ చిత్రం అసలు కొలత 119.1 సెంటీమీటర్ల ఎత్తు, 182.9 సెంటీమీటర్ల వెడల్పు, అంటే సరిగ్గా ఆరడుగుల వెడల్పు. దాన్ని 36 అంగుళాలకు దించితే ఎత్తు ఇంచుమించు 23.4 అంగుళాలు రావాలి. 36కు 24 అడిగితే వాళ్లు మిగతా అర అంగుళానికి పైగా నింపడానికి రెండు పక్కలా కొంత కోసేస్తారు, లేదా బొమ్మను సాగదీస్తారు. అలాగే కాన్వాసును చెక్కచట్రం పక్కల మీదికి మడిచేటప్పుడు బొమ్మ అంచులే మడతలోకి పోకుండా, చుట్టూ రెండు అంగుళాల ఖాళీ అంచు విడిగా వదలమని ముందే చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ప్రతి పక్కా అంగుళంన్నర బొమ్మ పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

ఫ్లెక్సీలు వేసే చోట ఈ పని చేయించకండి. ఆ మెరిసే వినైలు మీద బరోక్ చీకటి అంతా ఒకే నల్లటి మచ్చగా వస్తుంది. పిగ్మెంటు సిరాతో కాన్వాసు మీద వేసేవారిని వెతకండి. మొత్తం వేయించే ముందు, బొమ్మలోని అతి చీకటి భాగం ఏ4 కాగితమంత మచ్చు ముక్క వేయించి, ఇంటికి తెచ్చి, అనుకున్న గోడ మీద ఆనించి పగలూ రాత్రీ చూడండి. కంప్యూటరు తెర తానే వెలుగుతుంది గనుక అందులో కనిపించిన నీడల లోపలి చెట్లు, బట్టల మడతలు అచ్చులో మునిగిపోతాయి; మచ్చులో అవి కనిపించకపోతే నీడలను కొంచెం తేటపరచమని అడగండి. పైపూత మరీ మెరిసేది వద్దు, పూర్తిగా మెరుపు లేనిదీ వద్దు. మొదటిది ట్యూబులైటును పట్టి చూపిస్తుంది, రెండోది నలుపులోని లోతును చంపేస్తుంది. రెండింటికీ మధ్యరకాన్ని శాటిన్ అంటారు.

ఊళ్లోని చిత్రకారుల చేత తైలవర్ణాలతో నకలు వేయించుకోవడం ఇంకా గొప్ప పని. అలా చేస్తే పైపూత వార్నిష్‌కు మాత్రం ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాలి, నూనె రంగు లోపల ఆరడానికి అంత సమయం పడుతుంది.

పటం కట్టించడం

మన వైపు పటాలు కట్టేవారి పని ఎక్కువగా దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు. అడగకపోతే వాళ్లు అలవాటు ప్రకారం అద్దం వేసి, వెనక పలచటి చెక్క అట్ట కొట్టి ఇస్తారు. కాన్వాసుకు అద్దం అక్కర్లేదు. కాగితం మీద వేయించుకున్నవారు అద్దం వేయక తప్పదు గాని, బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంటు అట్ట అంచు తప్పనిసరిగా పెట్టించండి. మన వానాకాలంలో అద్దాన్ని తాకిన కాగితం దానికే అతుక్కుపోతుంది. మా పుట్టింట్లో అమ్మానాన్నల పెళ్లి ఫొటోలో అమ్మ చేతి పూలదండ దగ్గర అలాగే అతుక్కుని, విడదీయబోతే రంగు పొర అద్దానికే ఉండిపోయింది.

చట్రం విషయానికొస్తే, ఆ కాలంలో ఇటలీ, ఫ్రాన్సులలో బంగారు రేకు అద్దిన చెక్కడపు చట్రాలు, హాలెండులో నల్లటి చేవకర్ర చట్రాలు వాడేవారు. ఇప్పుడు దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ పట్టీలు వాటిని అనుకరిస్తాయి గాని, ఆ పసుపు మెరుపు బొమ్మలోని వెలుగుతో పోటీ పడుతుంది. రెండున్నర అంగుళాల వెడల్పున్న ముదురు టేకు చట్రం, దాని లోపలి అంచున పావు అంగుళం మాత్రమే పాతబంగారు రంగు గీత మన ఇళ్లకు బాగా కుదురుతాయి. ఆ సన్నటి గీత చీకటి బొమ్మను చీకటి చట్రం నుంచి వేరు చేస్తుంది, అంతకు మించి అది చేయవలసిన పని లేదు. కాన్వాసు బిగించిన లోపలి చట్రం మూలల్లో చిన్న చెక్క చీలలు పెట్టించుకోవడం మరవకండి. వేసవి దాటాక కాన్వాసు వదులైతే ఆ చీలలను సుతిమెత్తగా లోపలికి తడితే తిరిగి బిగుస్తుంది.

గోడ రంగు గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. తెల్లసున్నంలాంటి గోడ మీద బరోక్ చిత్రం గోడలో కన్నంలా కనిపిస్తుంది. ఆ ఒక్క గోడకు గచ్చకాయ రంగో, ముదురు గంధం రంగో వేయించండి. నాకు అన్నింటికంటే నచ్చినది కావి. 17వ శతాబ్దపు చిత్రకారుల్లో చాలామంది కాన్వాసుకు ముందుగా ఎర్రమట్టి, గోధుమ రంగు పూత వేసి, దాని మీదే బొమ్మ వేసేవారు. కావి గోడ మీద ఆ అడుగు రంగు బయటికి వచ్చి గోడంతా పరచుకున్నట్టు కనిపిస్తుంది.

తగిలించడం

దేవుడి పటాలను గుమ్మాల పైన, ముందుకు వంచి తగిలించడం మన అలవాటు. అవి తల ఎత్తి దండం పెట్టుకోవలసినవి. ఈ చిత్రాన్ని కంటికి ఎదురుగా చూడాలి. పటం నడిబొడ్డు నేల నుంచి 56 అంగుళాల ఎత్తున ఉంటే కూర్చున్నవారికీ నిలబడ్డవారికీ సరిపోతుంది. లెక్క ఇలా వేయండి: చట్రంతో కలిపి పటం ఎత్తు 28 అంగుళాలు, వెనక రింగులు పై అంచుకు 4 అంగుళాల కిందున్నాయనుకుందాం. 56కు పటంలో సగం 14 కలిపి, 4 తీసివేస్తే 66 అంగుళాల దగ్గర స్క్రూ రావాలి. అప్పుడు పటం కింది అంచు 42 అంగుళాల దగ్గర ఉంటుంది. 34 అంగుళాల ఎత్తున్న సోఫా వీపుకు పైన 8 అంగుళాల ఎడం మిగులుతుంది. ఆ ఎడం తగ్గించకండి, వెనక్కి వాలి కూర్చున్నవారి తలనూనె మరక గోడకే కాదు, చట్రానికీ అంటుతుంది.

ఒక మేకు మీద తాడుతో వేలాడదీయకుండా, రెండు పక్కలా రెండు స్క్రూలు పెట్టి, రసమట్టంతో సరిచూడండి. తలుపు దభాలున పడినా, ఫ్యాను గాలి తగిలినా అప్పుడు పటం ఓరగా జారదు. ఇటుక గోడకు డ్రిల్లుతో రంధ్రం వేసి ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి స్క్రూ బిగిస్తే చాలు. కాంక్రీటు స్తంభం తగిలితే హ్యామర్ డ్రిల్లు కావాలి. ఈమధ్య కట్టే తేలికపాటి సిమెంటు దిమ్మెల గోడలకు వాటికి తగిన ప్లగ్గులు వేరే ఉంటాయి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన రంధ్రం వేయకండి, తీగలు సాధారణంగా ఆ దారినే పైకి పోతాయి. అద్దం వేయించుకున్నవారు బరువు చూసుకోవాలి. 36కు 24 అంగుళాల పటానికి 4 మిల్లీమీటర్ల అద్దమొక్కటే ఐదున్నర కిలోలు ఉంటుంది, చట్రం బరువు దానికి అదనం.

రాత్రి వెలుగు

గది నడుమ ఉన్న తెల్లటి ట్యూబులైటు కింద ఈ చిత్రాలు నీలంగా పాలిపోతాయి. చిత్రానికంటూ ఒక చిన్న స్పాటులైటు ఉండాలి. 2,700 లేదా 3,000 కెల్విన్ రంగు (పసుపు ఛాయ వెలుగు), రంగులను నిజంగా చూపే గుణాన్ని తెలిపే సీఆర్ఐ సంఖ్య 90కి పైన ఉన్న ఎల్ఈడీ కొనండి. అట్టపెట్టె మీద ఈ రెండు సంఖ్యలూ రాసి ఉంటాయి. వెలుగు నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పటం మీద పడాలి. పైకప్పు తొమ్మిదిన్నర అడుగులు, పటం నడిబొడ్డు 56 అంగుళాలు అయితే, లైటు గోడకు సుమారు 33 అంగుళాల ఎడంగా రావాలి. ఇంకా దగ్గరికి తెస్తే చట్రం నీడ బొమ్మ మీద పడుతుంది, దూరం జరిపితే మెరుపు మన కళ్లలోకి తిరిగి వస్తుంది. మ్యూజియాలలో తైలవర్ణ చిత్రాలకు సాధారణంగా 200 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు పెట్టరు; ఇంట్లో కూడా అంతకంటే అవసరం ఉండదు, ఈ చిత్రాలు తీవ్రమైన వెలుగును అడగవు.

ఆనాటి ఇళ్లలో వీటిని కొవ్వొత్తుల వెలుగులో చూసేవారన్నది గుర్తుంచుకోవాలి. నిరుడు దీపావళి రాత్రి కరెంటు పోయినప్పుడు గడప దగ్గర ప్రమిదల వరస తప్ప మా హాలులో వేరే వెలుగు లేదు. మంట ఊగినప్పుడల్లా చెట్ల మధ్య ఒరాయన్ వీపు మీది వెలుగు ఎక్కుతూ తగ్గుతూ, అతను నిజంగా అడుగు తీసి అడుగు వేస్తున్నట్టే కనిపించింది. అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా గమనించని, కింది మూలలోని బాట మనుషులు ఆ రాత్రి మొదటిసారి కనిపించారు. అందుకని స్పాటులైటుకు వెలుగు తగ్గించే రెగ్యులేటరు పెట్టించండి. కొనేటప్పుడే ఆ లైటు రెగ్యులేటరుతో పనిచేసే రకమో కాదో అడిగి తీసుకోండి. ప్రమిదను మాత్రం పటానికి దగ్గరగా ఎప్పుడూ పెట్టకండి.

పటం కింద ఒక చిన్న చీటీ అతికించడం నాకు ఇష్టం. దానిమీద పేరు, వేసినవారు, సంవత్సరం, కథ రెండు వాక్యాల్లో తెలుగులో ఉంటే వచ్చినవారు అడగకుండానే చదువుకుంటారు. ఆ గోడ మీద గడియారం, క్యాలెండరు, ఇతర ఫొటోలు వద్దు. దేవుడి పటాల వరసలో దీన్ని చేర్చవద్దు, పూలదండ వేయవద్దు. ఇది పూజకు కాదు, చూడడానికి.

కాపాడుకోవడం

నెలకొకసారి మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందికి దుమ్ము దులిపితే చాలు. తడిగుడ్డ, అద్దాలు తుడిచే ద్రవం కాన్వాసుకు తాకనీయకండి. ఏసీ గాలి నేరుగా పటం మీదికి వీచకుండా రెక్కలు పక్కకు తిప్పి ఉంచండి. పటం కింది రెండు మూలల వెనక చిన్న ఫెల్టు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడి బూజు పట్టదు. కాని ఆ సందే బల్లులకు ఇష్టమైన చోటు. అవి గుడ్లు పెట్టి, రెట్టలు వేసి కాన్వాసును వెనక నుంచి పాడుచేస్తాయి. చట్రం వెనక భాగాన్ని మందపాటి కాగితంతో మూసి, అంచులకు టేపు వేయించి, దుమ్ము దులిపే రోజునే పటాన్ని కాస్త ముందుకు లాగి టార్చిలైటుతో లోపల చూడండి.

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపే రోజున బూజుకర్ర ఎత్తకముందే పటాన్ని దించి, పాత పత్తి దుప్పటి కప్పి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెడితే ఎవరి మోకాలో తగిలి కాన్వాసు లోపలికి కుంగుతుంది. దించినప్పుడే చెక్క చీలలు వదులయ్యాయేమో వేలితో తాకి చూసి, అవసరమైతే ఒక్కొక్క మూలనూ సమంగా తట్టండి. తిరిగి తగిలించాక రసమట్టం మరొకసారి పెట్టి చూడండి.